పీతకు మూడో చెయ్యి

నట్టు తిరగలేదు. పీత తిరిగింది.

లోపల కూర్చున్న సూదక్కకు ముందు అర్థం కాలేదు. కిటికీలో కళ్లెదురుగా ఉన్న ఉత్తుత్తి ఉపగ్రహం పక్కకు జరిగిపోయింది. దాని వెనక షెడ్డు గోడ వచ్చింది, గోడ మీది గడియారం వచ్చింది, ఆ తర్వాత నోళ్లు తెరుచుకుని నిలబడ్డ తన మనుషులే వరసగా వచ్చారు. చివరికి మళ్లీ ఉపగ్రహం వచ్చి, పలకరించినట్టే పలకరించి వెళ్లిపోయింది. ఇనప చేతి చివర పానా మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే పానా వంక ఇంకోసారి చూసింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ పీత సంగతి చెప్పాలి. మనిషిని భూమి దాటించి పంపడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులవి. పంపడం వరకూ సరే, పైన ఏదైనా పాడైతే బాగు చేసేదెవరు? దాని మీద ఆ అంతరిక్ష సంస్థలో రెండు పార్టీలు. మనిషికి గాలి నింపిన సూట్ తొడిగి బయటికి వదలండి, తన చేతులతో తనే చేసుకుంటాడు అన్నారు ఒక పార్టీ వాళ్లు. ఎందుకొచ్చిన అవస్థ, ఒక ఇనప పీపా చెయ్యండి అన్నారు రెండో పార్టీ వాళ్లు. మనిషి మామూలు బట్టల్లో అందులో కూర్చుంటాడు. చూడ్డానికి ఒక కిటికీ, పని చెయ్యడానికి బయట రెండు ఇనప చేతులు, కదలడానికి చుట్టూ గాలి చిమ్మే గొట్టాలు. లోపలి మనిషి రెండు పిడులు పట్టుకుని ఎలా ఆడిస్తే బయటి చేతులు అలా ఆడతాయి. కాగితాల మీద దానికి మూరెడు పేరుంది. ఆ పేరు పలికే ఓపిక షెడ్డులో ఎవరికీ లేదు. గుండ్రటి పొట్ట, ముందుకు చాచిన రెండు చేతులు, చూడ్డానికి అచ్చం పీతే. పీత అనే అన్నారు.

దాన్ని నడిపే మనిషి సూదక్క. ఇంజనీరింగ్ చదివే వచ్చింది, కానీ ఆమెకు పేరు తెచ్చింది చదువు కాదు. ఇంతకు ముందు ఆమె అద్దాల గదిలో పని చేసేది. ముట్టుకుంటే ప్రాణాలు తీసే కిరణాల సరుకు అద్దానికి అవతల ఉంటుంది, మనిషి ఇవతల ఉంటాడు, అవతల పని ఇనప చేతులు చేస్తాయి. ఒకసారి పందెం కట్టి, ఆ ఇనప చేతులతో సూదిలో దారం ఎక్కించింది. అప్పట్నించీ సూదక్క. ఆ పేరు సూది వల్ల కాదు, నాలుక వల్ల వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఆమె నోట పడ్డవాళ్లు.

ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. చంకకర్ర లేకుండా అడుగు వెయ్యలేదు. అయితే ఏంటి? పైన నడిచేవాడెవడు? పీతలో కూర్చున్నవాడికి కాళ్లు ఎక్కడ ముడుచుకోవాలో తెలియక చావు. కానీ పైకి పంపే మనుషుల్ని ఎంచడానికి రూల్స్ ఉన్నాయి. అందులో మొదటిది పరుగు. రెండు కాళ్లతో ఇంత దూరం ఇంత వేగంగా పరిగెత్తాలి. అక్కడ పరిగెత్తి ఎక్కడికి పోతారో ఆ రూలు రాసినవాళ్లకే తెలియాలి. సూట్ గెలిస్తే ఆమె ఈ జన్మలో పైకి పోదు. పీత గెలిస్తే ఆ రూలుకు అర్థం ఉండదు, అప్పుడు పోవచ్చు. ఈ మాట ఆమె గుండెల్లో దాచుకుని కుమిలిపోయే రకం కాదు. క్యాంటీన్లో టీ తాగుతూ నలుగురి ముందే అనేది. వినేవాళ్లు టీ గ్లాసుల్లోకి చూసేవాళ్లు.

పీతను ఇన్నాళ్లూ ఇనప స్టాండుకు బిగించి అలవాటు చేశారు. స్టాండు మీద అది చెయ్యని పని లేదు. మూత విప్పింది, పాత పెట్టె తీసింది, కొత్త పెట్టె పెట్టింది, మూత బిగించింది. ఆ తర్వాత కంప్రెసర్ వచ్చింది. అద్దంలా నున్నగా పోసిన గచ్చు, పీత పొట్ట కింద గాలి వదిలే పళ్లేలు. కంప్రెసర్ ఆన్ చేస్తే అంత బరువూ గచ్చుకు వెంట్రుకవాసి పైకి లేచి, వేలితో తోస్తే కదిలిపోతుంది. నేల మీద ఉండి పైన తేలడం నేర్చుకోవడానికి అంతకంటే మార్గం లేదు. అలా తేలిన మొదటిరోజే ఇదిగో, నట్టు తిరగమంటే పీత తిరిగింది.

పీతను గీసిన పెద్దాయన్ని అందరూ మేస్టారు అంటారు. ఆయన గచ్చు మీదే చతికిలబడ్డారు. సూదక్క కర్ర పట్టుకుని దిగి ఆయన దగ్గరికి వచ్చింది.

"మేస్టారూ, మనకు బుద్ధుందా?"

"లేదమ్మా."

"అద్దాల గదిలో ఇన్నేళ్లు పని చేశాం. చేతులు దేనికి బిగించి ఉండేవి?"

"గోడకి."

"ఇక్కడ గోడేది?"

చెప్పడానికేముంది! మేస్టారు అద్దాల గది మనిషి, సూదక్క అద్దాల గది మనిషి, షెడ్డులో సగం మంది అక్కణ్నించి వచ్చినవాళ్లే. ఇనప చేతుల గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదనే వాళ్లను ఏరి తెచ్చారు. సరిగ్గా అందుకే మునిగారు. ఆ చేతులకు భుజం గోడే. గోడ ఎప్పుడూ కదల్లేదు కాబట్టి గోడ ఒకటి ఉందన్న సంగతే వాళ్ల కంటికి ఆనలేదు. చిన్న పడవలో నిలబడి ఒడ్డును కాలితో తన్నినవాణ్ని ఎవణ్నడిగినా చెప్పేవాడు. వీళ్లలో పడవ ఎక్కినవాళ్లు లేరు.

"ఇంకో చెయ్యి కావాలి," అంది సూదక్క. "ఒకటి పట్టుకుని వేలాడ్డానికి, రెండు పని చెయ్యడానికి. తెగువ చేసి వెళ్లి అడగండి."

మేస్టారు వెళ్లారు. అడిగారు. వెళ్లినప్పుడు ఎలా ఉన్నారో వచ్చినప్పుడు అలా లేరు. వెనకాల డైరెక్టర్ కూడా వచ్చాడు. ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు నడిచే మనిషి, ఆ రోజు మాత్రం తీరిగ్గా వచ్చి, పీత చుట్టూ ఒకసారి తిరిగి, దాని పొట్ట మీద తట్టాడు.

"బరువు లెక్క ఎప్పుడో ఖాయం చేసి పంపేశాం. ఇప్పుడు మూడో చెయ్యి అంటే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. సూటా పీతా అని తేల్చే కమిటీ వచ్చి ఉంది. నిన్ననే సూట్ వాళ్లది చూసింది. రేపు మనది. మూడో చెయ్యి లేకపోతే పని జరగదని మనమే చెప్పుకుంటే పీతను ఇనప సామాన్ల కొట్టుకు పంపిస్తారు. అర్థమవుతోందా?"

"అవుతోంది. అయితే రేపు ఏం చేద్దామని?"

"పీత పొట్ట కింద రెండు వైపులా రెండు ఇనప శీలలు దింపుతాం. గచ్చులోకి దిగి బిగుసుకుంటాయి. చుట్టూ కాన్వాసు వేలాడుతుంది కదా, కనపడవు. కంప్రెసర్ నడుస్తుంటుంది. గాలి చప్పుడు వినిపిస్తుంది. నువ్వు నీ పని చేసెయ్యి."

సూదక్క మేస్టారి వంక చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"మేస్టారూ, మీరు కూడానా?"

"ముందు ఒప్పించుకుందాం అమ్మా. మంజూరైతే పని మొదలవుతుంది. తర్వాత మూడో చెయ్యి మెల్లగా తగిలిద్దాం."

"తగిలించకపోతే? లోపల కూర్చున్నది బొంగరమై తిరుగుతుంది. ఆ బొంగరం నేను."

"ఆ మాట కూడా మాట్లాడుకుందాం," అన్నాడు డైరెక్టర్. గొంతు తగ్గించాడు. "మొదట పైకి వెళ్లే పీతను నువ్వే నడపాలని నేను రాసిస్తా. పరుగు రూలు నీకు వర్తించదని కూడా రాస్తా. నా సంతకం ఉంటే ఎవరూ కాదనరు. రేపు పని సజావుగా జరిగితే."

సూదక్క నోరు మూతపడిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. డైరెక్టర్ వెళ్లిపోయాక కూడా ఆమె పీత పొట్టకు ఆనుకుని అలాగే నిలబడింది. బతుకంతా కోరుకున్నది ఒక మనిషి వచ్చి అరచేతిలో పెట్టి పోయాడు. పెట్టిన తీరు చూస్తే ఉమ్మెయ్యాలనిపిస్తోంది. కోరిక చూస్తే గుప్పిట మూసుకోవాలనిపిస్తోంది. నీతులు చెప్పేవాళ్లకు ఇది తేలిక. ఆ కర్ర చంకలో పెట్టుకుని, జనం జాలిగా పక్కకు తప్పుకునే వీధుల్లో నలభై ఏళ్లు నడిచి వచ్చి, ఆ తర్వాత చెప్పండి.

ఇంట్లో ఆమె, తమ్ముడు, అంతే. తమ్ముడు కూడా అదే సంస్థలో దర్జీ. అవతలి పార్టీ. సూట్లు కుట్టే షెడ్డులో చేతి జోళ్లు కుట్టడం అతని పని. ఒకే ఇంట్లో సూటూ పీతా కలిసి భోజనం చేసేవి. అతని గొంతులో ఆ సాయంత్రం పండగ చేసుకున్నంత హుషారు.

"అక్కా, నిన్న మావాడు నట్టు ఎలా తిప్పాడనుకున్నావ్! గాలి నిండిన చేతి జోడు, అయినా వేళ్లు వెన్నలా వంగాయి. కమిటీ పెద్ద లేచి నిలబడి చూశాడు. ఇనప చేతులు చెయ్యగలవా ఆ పని?"

"మీ సూట్ బొమ్మ నట్టు తిప్పితే గొప్పా? నోరు మూసుకుని తిను."

"సూది పట్టేది నేను, పేరు నీకు. ఇదేం న్యాయమో నాకెప్పుడూ అర్థం కాదు. సరే, రేపటితో అదీ తేలిపోతుంది." అతను పళ్లెం కడుగుతూ నవ్వాడు. "పీత పోతే బాధపడకు. నిన్ను మా షెడ్డులో పెట్టిస్తా. బొత్తాలు కుట్టుకో."

ఆమె ఆ ఎగతాళి వినిపించుకోలేదు. అతను ముందన్న నట్టు మాట దగ్గరే ఆగిపోయింది.

"ఒరేయ్. నిన్న మీవాడు నట్టు తిప్పినప్పుడు ఎక్కడ నిలబడ్డాడు?"

"ఎక్కడ నిలబడతాడు? నేల మీద. నెత్తి మీద నిలబడతాడా?"

"బూట్లు నేలకు ఆనాయా?"

"ఆనక? బూట్లు నేనే కుట్టించా. భలే పట్టు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి తమ్ముడికి అనుమానం వచ్చింది, ఎందుకు నవ్వావని రెండుసార్లు అడిగాడు. ఆమె దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున్నే కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్ద ఒకప్పుడు విమానాలు నడిపినవాడట, వెన్ను ఇంకా నిటారుగానే ఉంది, మాటలు మాత్రం పొదుపు. షెడ్డు గచ్చు తుడిచి తుడిచి మెరిపించారు. కంప్రెసర్ హోరుమంటోంది. పీత చుట్టూ కాన్వాసు కుదురుగా వేలాడుతోంది. దాని కింద రెండు శీలలు గచ్చులోకి దిగి ఉన్నాయని ఆ షెడ్డులో కమిటీకి తప్ప అందరికీ తెలుసు. అవతలి షెడ్డు నుంచి సూట్ వాళ్లు కూడా తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు, తమ్ముడు వాళ్ల ముందు. శత్రువు పడిపోతుంటే చూసే ముచ్చట ఎవరు వదులుకుంటారు?

సూదక్క ఎక్కి కూర్చుంది. కర్ర బయటే పెట్టింది. లోపల దాని అవసరం లేదు. పిడులు పట్టుకుంది. బయట ఇనప చేతులు ఒళ్లు విరుచుకున్నట్టు లేచాయి.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు డైరెక్టర్ నవ్వుతూ.

కుడి చేతి చివరి పట్టకారు ఉపగ్రహం వైపు వెళ్లింది. అక్కడ ఆగింది. వెళ్లొచ్చు. మొదటి నట్టు తిప్పొచ్చు, అన్నీ తిప్పొచ్చు, ఆ ముగ్గురూ చప్పట్లు కొట్టొచ్చు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు, గోడలేని చోట, రెండు చేతుల పీపాలో తను పానా పట్టుకుంటుంది. అప్పుడు గిర్రున తిరుగుతూ ఎవరితో చెప్పుకుంటుంది, ఇది నాకు ముందే తెలుసని? తను కాకపోతే ఇంకో మనిషి తిరుగుతాడు. ఆ ఇంకో మనిషికి ఈ శీలల సంగతి తెలియను కూడా తెలియదు.

పట్టకారు వెనక్కి వచ్చింది. కిందికి దిగింది. పీత తన పొట్ట కింద కాన్వాసును తనే ఎత్తింది. కుడి శీల తలకున్న రింగు పట్టుకుని, పన్ను పీకినట్టు పైకి లాగింది. కమిటీ పెద్ద కాళ్ల దగ్గర దాన్ని వదిలింది. ఆ మోతకు తలుపు దగ్గరి గుంపు ఉలిక్కిపడింది. డైరెక్టర్ "ఏయ్" అన్నాడు. అప్పటికి ఎడమ చెయ్యి రెండో శీల పీకేసింది. అదీ మొదటిదాని పక్కన పడింది.

"ఇప్పుడు చూడండి," అంది సూదక్క. లోపలి మైకు ఆన్‌లో ఉంది. గొంతు షెడ్డు మొత్తం మోగింది. "ఈ శీలలతో మీకు చూపించబోయింది నాటకం."

పానా అందుకుని నట్టుకు పెట్టి తిప్పింది. నట్టు కదల్లేదు. పీత గిర్రున తిరిగి కమిటీకి వీపు చూపించింది. తలుపు దగ్గర నవ్వులు పేలాయి. తమ్ముడి నవ్వు అందులో వేరుగా వినిపించింది.

ఆమె గాలి గొట్టాలతో మెల్లగా మళ్లీ ఎదురుగా వచ్చింది. ఈసారి ఎడమ పట్టకారుతో ఉపగ్రహం అంచు కరిచి పట్టుకుంది. కుడి చేత్తో తిప్పింది. నట్టు కిర్రుమంది. తిరిగింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ వచ్చేశాయి. చివరిది రాగానే మూత ఊడి గచ్చు మీద పడి దొర్లింది.

"పైన ఇది కింద పడదు. పోతుంది. మళ్లీ రాదు. దాన్ని పట్టుకోడానికి నాకు చెయ్యి లేదు. ఒక చేత్తో వేలాడుతున్నా, ఒక చేత్తో పని చేస్తున్నా. నాకు మూడోది కావాలి. మేం ఇన్నేళ్లూ గోడకు తగిలించిన చేతులతో పని చేసి, గోడ ఉందన్న సంగతే మర్చిపోయాం. తప్పు మాదే, నాది కూడా. దాచమని నాకు చెప్పారు. నేను దాచను."

డైరెక్టర్ ముఖం కాలిన పెనంలా ఉంది. "ఆమెకు ఒంట్లో బాగోలేదు సార్," అన్నాడు. "కంప్రెసర్ ఆపండి."

"ఆపకండి," అన్నాడు కమిటీ పెద్ద. ఆయన వంగి ఒక శీల చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. "అంటే సూటే మేలంటావా అమ్మా?"

"అనను. మొన్న సూట్‌లో ఆయన నట్టు తిప్పినప్పుడు ఎక్కడ నిలబడ్డాడో అడగండి."

తలుపు దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

"నేల మీద నిలబడ్డాడు. మీకు గుర్తుంటుంది. మాకు శీలలు, వాళ్లకు బూట్లు. నేలను ఇద్దరం దొంగతనంగా వాడుకున్నాం. తెలిసి చేశారో తెలియక చేశారో నాకనవసరం. ఆయన్నీ ఇక్కడికి రమ్మనండి. గాలిపళ్లెం మీద నిలబెట్టండి. అదే నట్టు, అదే పానా."

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

సూట్ తొడిగిన మనిషిని తెచ్చారు. తప్పించుకునే దారి లేకపోయింది, కమిటీ పెద్ద కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు. ఆ మనిషి పాపం, బలంగా ఉన్నాడు, భయం లేకుండా గాలిపళ్లెం ఎక్కాడు. నట్టుకు పానా పెట్టి ఒక్క ఊపు ఊపాడు. నట్టు నవ్వుకుంది. ఆయన ఒక చుట్టు చుట్టాడు, రెండు చుట్లు చుట్టాడు, పట్టుకోడానికి ఏమీ దొరక్క చేతులు ఆడించాడు, ఆడించిన కొద్దీ ఇంకా తిరిగాడు. నలుగురు వెళ్లి పట్టుకుంటే గానీ ఆగలేదు. హెల్మెట్ తీసేసరికి ముఖం చెమటతో తడిసి ముద్దయి ఉంది.

"ఇంకోసారి తిప్పనా?" అన్నాడు ఆయన. ఆ మాటకు సూదక్కకు ఆయన మీద గౌరవం పుట్టింది.

"వద్దు," అన్నాడు కమిటీ పెద్ద.

ముగ్గురూ ఒక మూలకు వెళ్లి తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి పెద్ద చెప్పిన మాటలు ఇవే: రెండూ ఇప్పుడే పైకి వెళ్లడానికి పనికిరావు. సూట్ వాళ్లు కాళ్లు తగిలించుకునే పట్టు ఏదైనా కనిపెట్టి రండి. పీత వాళ్లు మూడు చేతులతో గీసి రండి, బరువు లెక్క మళ్లీ చూస్తాం. అంతవరకూ ఏదీ గెలవలేదు. ఏదీ ఓడలేదు. శీలలు తనతో పట్టుకెళ్లాడు.

కమిటీ కార్లు కదిలాక డైరెక్టర్ పీత దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు అతని నడకలో తొందర తిరిగొచ్చింది.

"నీ సీటు సంగతి ఇక మర్చిపో."

"మర్చిపోను. నిజంగా ఆ సీట్లో కూర్చోవాలనే శీలలు పీకా."

"నేను రాసివ్వను. పరుగు రూలు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పీత పైకి పోతుందేమో, నువ్వు మాత్రం పోవు. నా కింద పని చేస్తూ నన్నే నలుగురిలో నవ్వులపాలు చేశావు."

"మీరు రాసివ్వడం దేనికండీ? మీ దయతో వచ్చే సీటు శీలలతో వస్తుంది. తెలిసిందిగా." ఆమె పీత తలుపు తీసి చెయ్యి చాచింది. "ఆ కర్ర ఇలా ఇవ్వండి."

అతను కర్ర ఇవ్వలేదు. తిరిగి వెళ్లిపోయాడు. మేస్టారు వచ్చి కర్ర అందించారు.

"మూడో చెయ్యి భుజం ఎక్కడ పెట్టాలంటావు?" అన్నారు. క్షమాపణ అడగడం ఆయనకు చేతకాదు. అదే ఆయన క్షమాపణ.

"కింద. రెండింటి మధ్యలో. మీరు గీస్తూ ఉండండి, నాకు వేరే పనుంది, వచ్చేస్తా."

బయట తమ్ముడు ఎండలో నిలబడి ఉన్నాడు. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి.

"మా కొంప కూడా ముంచావు కదే అక్కా! నీ పీత మునిగితే మునిగింది, మా సూట్‌ని ఎందుకు లాగావు? మావాళ్లందరూ నన్ను తినేసేలా చూస్తున్నారు. ఇంట్లో నేను చెప్పిన మాట పట్టుకుని..."

"నువ్వు చెప్పకపోతే మీవాడు పైన బొంగరమయ్యేవాడు. అప్పుడు ఎవరిని తినేసేవాళ్లు?"

అతను మట్టిని బూటుతో గీకాడు.

"కాళ్లకు పట్టు అంటే, బూటు మడమ దగ్గర కొక్కెం లాంటిది కుట్టొచ్చేమో," అన్నాడు తనలో తను. తర్వాత తలెత్తాడు. "ఇప్పుడెక్కడికి?"

"ఆ పరుగు రూలు రాసిందెవరు? పైకి పోయేవాళ్ల కొలతలు తీసుకోడానికి ఆ ఆఫీసుకే కదా నువ్వు పోయేది."

"పోతా. పరిపాలన భవనం. మూడో అంతస్తు, చివరి గది. లిఫ్టు లేదు."

"ఉండదు. పరుగెత్తేవాళ్లు రాసిన రూలాయె."

"అక్కా, ఇవాళ వద్దు. ఇవాళ నువ్వు చేసింది చాలదా? డైరెక్టర్ ఫోన్ చేసే ఉంటాడు. లోపలికి రానివ్వరు."

"రానివ్వకపోతే వాకిట్లో కూర్చుంటా. కూర్చోడానికి కాలు అక్కర్లేదు."

అతను తల కొట్టుకున్నాడు. అయినా వెంట నడిచాడు.

పరిపాలన భవనం మెట్లు నున్నటి రాతివి. కర్ర జారుతుంది. తమ్ముడు చెయ్యి పట్టుకోబోయాడు. "తియ్యి," అంది. అతను తీశాడు. మొదటి అంతస్తుకు ఆమె ఊపిరి అందక గోడకు ఆనుకుంది. ఫైళ్లు పట్టుకుని దిగుతున్న గుమస్తా ఆగి, "అమ్మా, ఏ పని? నేను కాగితం తీసుకెళ్లి ఇస్తాను, మీరు ఎక్కొద్దు," అన్నాడు మర్యాదగానే. "కాగితం కాదు బాబూ, నోటిమాట. అది నేనే మోసుకెళ్లాలి," అని మళ్లీ ఎక్కింది. రెండో అంతస్తు దగ్గర చంక కింద కర్ర ఒరుసుకుని మండింది. ఆగి కర్ర చంక మార్చడం కుదరదు, రెండో కాలు సాయం రాదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఒక మెట్టు, ఆగి, ఇంకో మెట్టు. గోడ మళ్లీ పనికొచ్చిందని మనసులో తిట్టుకుంది.

చివరి గది తలుపు తెరిచే ఉంది. బల్ల వెనక ఒక బట్టతల అధికారి. డైరెక్టర్ ఫోన్ చేసినట్టే ఉన్నాడు, ఈమెను చూడగానే అతని చెయ్యి టెలిఫోన్ మీదికి పోయింది.

"మీరా! మీరు పైకి ఎలా వచ్చారు?"

"ఎక్కి."

"అమ్మా, మీ విషయం నాకు చెప్పారు. రూల్స్ మార్చడం నా వల్ల కాదు. అది పెద్ద పద్ధతి. కాగితం పెట్టుకోవాలి, పైకి పోవాలి, మళ్లీ రావాలి..."

"మార్చమని నేను ఇంకా అడగలేదు." ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ కర్రతో లాక్కుని కూర్చుంది. ఊపిరి కుదుటపడే వరకూ ఆగింది. అధికారి కూడా ఆగాడు, ఏం చెయ్యాలో తోచక. తమ్ముడు గడపలో నిలబడ్డాడు, వెనక్కి పోవడానికీ లేదు, లోపలికి రావడానికీ లేదు.

"పైన నడవరు. పరిగెత్తరు. కూర్చుని చేతులతో పని చేస్తారు. ఆ పనికి రెండు కాళ్లు ఎందుకు కావాలో చెప్పండి. మీరు రాశారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. నాకు నచ్చేలా చెబితే లేచి పోతా."

"నచ్చకపోతే?"

సూదక్క చంకకర్రను బల్లకు ఆనించింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"చెప్పండి, వింటా. మీరు ఇంటికెళ్లేది ఎన్నింటికి?"